తిత్తి

పెళ్లికొచ్చినోళ్ల చేతిలో ఏం పెడదామని అడిగితే
గంగులమ్మ తన మంచం కింది అట్టపెట్టె లాగింది.

పదకొండేళ్ల కువైట్‌లో తిన్న పదమూడు పెళ్లిళ్లు:
పేర్లు చెక్కిన స్టీలు గిన్నెలు,
మూత పట్టని కుంకుమ భరిణె,
మెడ ఒరిగిన ప్లాస్టిక్ నెమలి,
ఎవరో జంట నవ్వుతున్న గడియారం.
వాళ్లు విడిపోయి రెండేళ్లు, ముల్లు మాత్రం తిరుగుతోంది.
"ఊరికి మోద్దామంటే తూకం,
పారేద్దామంటే పాపం.
నా పెళ్లిలో ఇట్లాంటిది వద్దక్కా."

నేను ఫర్వానియా సందులో అబాయాలు సరిచేసేదాన్ని.
కత్తెర కింద రాలిన నలుపు ఎవరూ తిరిగి అడగరు.
రెండు బస్తాలైంది.
పెళ్లికి నలుపేమిటని గదిలోవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.
లోపలి గుడ్డకని గంగులమ్మ పాత చీర చించింది,
ఆకుపచ్చ వాయిలు,
మొదటి జీతంతో కొన్నది,
మొదటి మొగుడికి నచ్చనిది.

ఆకారం మాత్రం మా జేజిది.
రొంటిన దోపుకున్న వక్కాకు తిత్తి,
నాలుగు అరలు,
తాడు లాగితే ముడుచుకునే మూతి.
ఆకు ఒక చోట, వక్క ఒక చోట, సున్నం ఒక చోట,
అన్నిటికీ అడుగున
జేజినాయనకు తెలియని రూపాయి బిళ్ళ.

ఇక్కడ వక్కా లేదు, ఆకూ లేదు.
కొలతలు మార్చాను.
ఒక అర బతాకా కార్డుకు, వేళ్లతో కొలిచి.
ఒకటి ఫోనుకు.
ఒకటి తలనొప్పి మాత్రకు, సూదికి, ఉంటే తాళంచెవికి.
నాలుగోది దేనికో నాకు తోచలేదు.
"ఉండనీ" అంది గంగులమ్మ,
"గడియ లేని గదుల్లో పండుకునేటోళ్లు సగం మంది మనోళ్లు."

మెడలో వేసుకుంటే పైకి కనపడకూడదు.
చెమటకు రంగు దిగకూడదు.
రాత్రిళ్లు ఏసీ గురక పెడుతుంటే
అరవై రెండు కుట్టాను.
ఏడోది వంకర.
పదిహేనోది కునుకులో నా వేలితో సహా కుట్టాను.
పెళ్లికొడుకు ఓబులేసు, నీళ్ల ట్యాంకరు తోలే మనిషి,
ఇంత లావు వేళ్లతో నాడా ఎక్కిస్తానని కూర్చుని
పిన్నీసును మూడుసార్లు గుడ్డలో పోగొట్టాడు.
నాలుగోసారి పిన్నీసు బయటికొస్తే
నలభై ఆరేళ్లవాడు
చేప పట్టిన పిల్లాడిలా ఎత్తి చూపించాడు.

శుక్రవారం, మెస్సు పైగదిలో తాళి.
పప్పు, చారు, సేమ్యా పాయసం,
ఫోనులో మోగిన మేళం.
వచ్చినవాళ్లు నలభై ఒక్కరు.
మిగతా తిత్తులు సెలవు దొరకనివాళ్లవి.
వారమంతా ట్యాంకరు తిరిగిన వీధుల్లోనే ఓబులేసు
వంటిళ్ల వెనక తలుపుల దగ్గర ఆగి
చెత్త సంచి బయట పెట్టే ఒక్క నిమిషంలో
చేతికందించి వచ్చాడు.
ఒకామె, మరి అక్షింతలేవి నాయనా అందట.
అవి తీసుకుపోలేదని
ఇప్పటికీ అన్నం దగ్గర గుర్తు చేసుకుంటాడు.

తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

మొన్న నడి ఎండలో
రెండు బస్సులు మారి దానమ్మ కొట్టుకొచ్చింది.
తిత్తి తీసి బల్ల మీద వేసింది.
నాడా తెగింది. ఒక మూల పీలికలైంది.
నలుపు మీద తెల్లగా ఉప్పు గీతలు.
"ఏం కుట్టుడక్కా ఇది, ఎనిమిది నెలలకే!"

నాకు నవ్వు ఆగలేదు.
ఆమెకు ఇంకా కోపం.
నీళ్లిచ్చి కూర్చోబెట్టాను.
స్టీలు గిన్నె అతుకు వేయించుకోను
ఎవరైనా ఇంత దూరం వస్తారా, చెప్పండి.

కుట్టాలంటే ఖాళీ చేయమన్నాను.
కార్డు తీసింది, ఫోను తీసింది,
వెండి కాగితంలో సగం మాత్ర తీసింది.
నాలుగో అర మూతిని మాత్రం
రెండు వేళ్లతో బిగించి పట్టుకుంది,
నేను కొత్త నాడా ఎక్కించినంతసేపూ,
మూలకు కుట్లు వేసినంతసేపూ.

ఆ వైపు సూది పోనివ్వలేదు నేను.